రఫేల్ రెక్కలు సరే... చూపు ఎవరిది?

రఫేల్ గొప్పదా, చైనా తయారీ జె-10సి గొప్పదా? 2025 మే 7 తర్వాత కొన్ని వారాల పాటు టీవీ చర్చల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే రగడ. దీనికి రెండు ఇంజిన్లు, దానికి ఒకటి. ఇది ఎంత ఎత్తుకు పోతుంది, అది ఎన్ని క్షిపణులు మోస్తుంది? పందెం బరి దగ్గర పుంజుల్ని తూచినట్టు తూచారు. స్టాక్ మార్కెట్లు కూడా ఆ తూకాన్నే నమ్మాయి. చైనాలో చెంగ్డు విమాన సంస్థ షేర్లు ఎగిశాయి, పారిస్‌లో దసో షేర్లు జారాయి.

ఈ తూకంలో అసలు లెక్క తప్పిపోయింది. ఇవాళ యుద్ధ విమానం ఒంటరిగా పోరాడదు. శత్రువును ముందు ఎవరు చూశారు? ఆ సమాచారం క్షిపణి వదిలే పైలట్‌కు ఎంత త్వరగా చేరింది? వదిలిన క్షిపణికి మార్గమధ్యంలో ఎవరు దిక్కు చూపారు? ఆఖరి క్షణాల్లో క్షిపణి సొంత కన్ను ఎదుటివాడి ఎత్తుకు చిత్తయిందా, లేదా? ఈ వరుసను సైనికులు ‘కిల్ చెయిన్’ అంటారు. గెలుపోటములు తేలేది ఈ గొలుసు దగ్గరే. దాని మొదట నిలిచే మనిషి, చివరి లంకె అయిన క్షిపణి రెండూ హైదరాబాద్ శివార్లలోనే తయారవుతున్నాయి. ఉత్తరాన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని దుండిగల్, హకీంపేటల్లో పైలట్లు తయారవుతుంటే, దక్షిణాన కంచన్‌బాగ్, బాలాపూర్ వైపు క్షిపణులు, వాటి కళ్లు రూపుదిద్దుకుంటున్నాయి. మనకు చాలనివి మధ్య లంకెలు. కొత్త విమానాల కోసం లక్షల కోట్లు లెక్కేస్తున్న ఈ కాలంలో చర్చ వాటి మీద జరగాలి.

రెండు వైపుల మాటల్లోనూ దూరమే

పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు బలిగొన్న పక్షం రోజులకు, మే 7 వేకువన భారత్ ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టి తొమ్మిది ఉగ్రవాద స్థావరాలపై దాడి చేసింది. భారత విమానాలు ఐదింటిని కూల్చామని పాకిస్థాన్ మొదట ప్రకటించుకుంది, ఆ తర్వాత ఆరు అంది. మే 31న సింగపూర్‌లో త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ నష్టం జరిగిన మాటను ఒప్పుకున్నారు. ఆరు విమానాలన్నది మాత్రం శుద్ధ అబద్ధమన్నారు. ఎన్ని పడ్డాయన్న దానికంటే ఎందుకు పడ్డాయన్నదే తమకు ముఖ్యమని, వ్యూహంలో పొరపాటును గుర్తించి, దిద్దుకుని, రెండు రోజుల్లోనే మళ్లీ విమానాలన్నిటినీ ఎగరేసి దూరం నుంచి దాడులు చేశామని వివరించారు. ఆగస్టు 9న బెంగళూరులో వాయుసేనాధిపతి ఏపీ సింగ్ మరో లెక్క చెప్పారు. పాక్ యుద్ధ విమానాలు ఐదింటిని, ఒక పెద్ద విమానాన్ని కూల్చామని, ఆ పెద్దదాన్ని దాదాపు 300 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టామని ఆయన ప్రకటన. పాకిస్థాన్ దాన్ని కొట్టిపారేసింది.

ఎవరి లెక్క ఎంత నిజమో తేల్చే మధ్యవర్తి లేరు. కానీ ఇద్దరి మాటల్లోనూ ఉమ్మడిగా కనబడేది దూరం. పాకిస్థాన్ గొప్పగా చెప్పుకున్నది పీఎల్-15 అనే చైనా క్షిపణి గురించి. దాని శకలాలు పంజాబ్‌లోని హోషియార్‌పుర్ జిల్లాలో దొరికాయి. మన వాయుసేన గొప్పగా చెప్పుకున్న ఆ పెద్ద విమానమో? గగనతలాన్ని కనిపెట్టి చూసేదో, ఎదుటివారి సంకేతాలను పసిగట్టేదో అయివుంటుందని వాయుసేనాధిపతే అన్నారు. అంటే అది బాంబులు వేసే విమానం కాదు, శత్రువు కన్ను. ఆ కన్ను పోగొట్టడమే పెద్ద విజయమని మన సేనాధిపతి భావించారంటే, యుద్ధం ఎటు మళ్లిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ మలుపు ఒక్క రాత్రిలో రాలేదు. 1999 కార్గిల్ యుద్ధంలో మిరాజ్-2000 విమానాలకు ఇజ్రాయెల్ లైట్నింగ్ పాడ్ తగిలించాకే కొండ శిఖరం మీది బంకరు మీద లేజర్ బాంబు వేయడం వీలైంది. జూన్ 24న టైగర్ హిల్ మీద జరిగిన దాడి అలాంటిదే. విమానం పాతదే, కన్ను కొత్తది. ఇరవయ్యేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరి 27న పాక్ ఎఫ్-16లు మన విమానాల మీదికి ఆమ్రామ్ క్షిపణులను దూరం నుంచే వదిలాయి. వాటి శకలాన్ని మర్నాడు మన సైన్యం విలేకరుల ముందు పెట్టింది. ఆ రోజు మన పైలట్ అభినందన్ నడిపిన మిగ్-21 బైసన్‌కు వెనక్కి మళ్లమన్న ఆదేశం రేడియో జామింగ్ వల్ల అందలేదని వార్తలొచ్చాయి. అంటే అప్పటికే లోపం బయటపడింది. విమానానికీ నేలకూ మధ్య నడిచే మాట తెగితే ఎంతటి పైలట్ అయినా ఒంటరివాడే.

శామీర్‌పేట నుంచి కరీంనగర్ దాటి

పీఎల్-15 ఎగుమతి రకం పరిధి 145 కిలోమీటర్లని తయారీదారులే ప్రకటించారు. మన లెక్కలో చెప్పాలంటే, శామీర్‌పేట చెరువు మీదుగా పోతున్న విమానం కరీంనగర్ అవతల ఉన్న విమానానికి గురిపెట్టడం. అంత దూరంలో కంటికి ఏదీ ఆనదు. క్షిపణి బయల్దేరాక కూడా కథ చాలా ఉంది. సగటున సెకనుకు కిలోమీటరు పోయినా 100 కిలోమీటర్లు దాటడానికి 100 సెకన్లు పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్న లక్ష్యం ఆ లోపు 25 కిలోమీటర్లు జరిగిపోతుంది. బయల్దేరినప్పుడు చెప్పిన చోటుకే క్షిపణి వెళితే అక్కడ ఖాళీ ఆకాశమే ఉంటుంది.

అందుకే మార్గమధ్యంలో దానికి కబుర్లు పంపుతూ ఉండాలి. లక్ష్యం ఎటు తిరిగింది, ఎత్తు ఎంత మార్చింది అన్న సమాచారాన్ని డేటా లింకు ద్వారా అందిస్తూ ఉండాలి. చివరి అంచెలో మాత్రమే క్షిపణి ముక్కులోని చిన్న రాడార్ మేలుకుంటుంది. దాన్ని సీకర్ అంటారు. ఎదుటి విమానంలోని హెచ్చరిక పరికరం గట్టిగా మోగేదీ అప్పుడే. అప్పటికి పైలట్ చేతిలో మిగిలేవి కొన్ని సెకన్లు. ఆ కబుర్లను క్షిపణి వదిలిన విమానమే పంపాలన్న నియమం కూడా ఇప్పుడు లేదు. వెనకాల దూరంగా ఎగిరే నిఘా విమానం లక్ష్యాన్ని చూసి చెబుతుంటే, క్షిపణి వదిలిన విమానం తన రాడార్‌ను కట్టేసుకుని వెనక్కి తిరిగిపోవచ్చు. రాడార్ వెలిగించినవాడు తానెక్కడున్నాడో ఎదుటివాడికి చెప్పినట్టే కాబట్టి, వెలిగించకుండా కొట్టగలగడమే ఇవాళ్టి నేర్పు.

ఇక కాగితం మీది ‘పరిధి’ని ఎంతవరకు నమ్మాలి? లక్ష్యం చాలా ఎత్తులో, ఎదురుగా, తిన్నగా వస్తుంటే వర్తించే అంకె అది. లక్ష్యం వెనక్కి తిరిగి పారిపోతే ఆ అంకె బాగా పడిపోతుంది. మామూలు రాకెట్ మోటారు కొద్ది సెకన్లలో మండిపోయి, మిగతా దారంతా క్షిపణి ఊపు మీదే పోతుంది. ఆఖర్న మలుపులు తిరిగే లక్ష్యాన్ని పట్టే సత్తువ దానికి మిగలదు. ఆ సమస్యకు చైనా రెండుసార్లు మండే మోటారుతో జవాబు వెతికింది. రఫేల్ మోసే ఐరోపా మీటియోర్ గాలిని పీల్చి మండే ర్యామ్‌జెట్‌తో, అవసరాన్ని బట్టి మంట తగ్గించి, పెంచి, చివరి దాకా శక్తి నిలుపుకొంటుంది. అందుకే తప్పించుకోలేని ప్రాంతం ఎవరికి ఎక్కువన్నదే సరైన పోలిక. 145 ఎక్కువా, 100 ఎక్కువా అన్న వాదన పిల్లకాయల లెక్క.

ఎవరి రాడార్ ఏమిటి

పోలిక చేయక తప్పదనుకుంటే ఇలా చేయాలి. రఫేల్ ముక్కులో థేల్స్ తయారీ ఆర్‌బీఈ2 ఏఈఎస్ఏ రాడార్ ఉంది. పళ్లెం అటూ ఇటూ తిరిగే పాత పద్ధతికి బదులు, వందల చిన్న మాడ్యూళ్లు ఒక్కొక్కటీ సొంతంగా తరంగాలు పంపుతాయి. ఒకేసారి ఆకాశాన్నీ నేలనూ చూడగలదు, జామింగ్‌ను తట్టుకోగలదు. దానికి తోడు స్పెక్ట్రా అనే ఆత్మరక్షణ వ్యవస్థ ఎదుటి రాడార్‌ను పసిగట్టి మభ్యపెడుతుంది. జె-10సిలో, జేఎఫ్-17 మూడో రకంలో కూడా ఏఈఎస్ఏ రాడార్లే ఉన్నాయి. పాక్ దగ్గరున్న ఎఫ్-16లలో ఉన్నవి తిరిగే పళ్లెం రాడార్లు.

మన వాయుసేనకు వెన్నెముక లాంటి సుఖోయ్-30 ఎంకేఐల సంగతేమిటి? దాదాపు 260 ఉన్నాయి. వాటి బార్స్ రాడార్ తన కాలంలో దిట్టే. కానీ అందులో తరంగాలన్నీ ఒకే మూలం నుంచి పుడతాయి. ఏఈఎస్ఏతో పోలిస్తే ఒక తరం వెనక. దాని స్థానంలో స్వదేశీ విరూపాక్ష రాడార్ పెట్టాలన్న ప్రణాళిక ఉంది. తేజస్ మార్క్-1ఏలలో మొదటి విడతకు ఇజ్రాయెల్ రాడార్. 2025 సెప్టెంబర్‌లో రూ.62,370 కోట్లకు ఆర్డరిచ్చిన 97 విమానాలకు డీఆర్‌డీఓ బెంగళూరు ప్రయోగశాల చేసిన ‘ఉత్తమ్’ ఏఈఎస్ఏ రాడార్ వస్తుందని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కానీ 2021లో ఆర్డరిచ్చిన 83 తేజస్‌లే గడువు దాటిపోయాయి. అమెరికా నుంచి రావాల్సిన ఎఫ్-404 ఇంజిన్లలో మొదటిది చేతికందింది 2025 మార్చిలో. ఇంజిన్ కోసం ఎదురుచూసే విమానానికి రాడార్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

మరో చిక్కు కూడా ఉంది. మన దగ్గర రష్యా విమానాలున్నాయి, ఫ్రాన్స్ విమానాలున్నాయి, సొంతవీ ఉన్నాయి. ఎస్-400 రష్యాది. గగనతల నిఘా విమానం ఫాల్కన్‌కు మొండెం రష్యా ఐఎల్-76ది, రాడార్ ఇజ్రాయెల్‌ది. ఇవన్నీ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. నేల మీది రాడార్లను కలిపే ఐఏసీసీఎస్ వ్యవస్థ సిందూర్‌లో బాగా పనిచేసింది. గాలిలో విమానానికీ విమానానికీ మధ్య అలాంటి అల్లిక ఇంకా పూర్తి కావాలి. పాకిస్థాన్‌దీ కలగూర గంపే. చైనా విమానాలు, అమెరికా ఎఫ్-16లు, స్వీడన్ ఎరీఐ నిఘా విమానాలు. అయినా చైనా విమానాలనూ ఎరీఐలనూ సొంత డేటా లింకుతో కుట్టుకోవడం మీద వాళ్లు ముందునుంచీ శ్రద్ధ పెట్టారని విశ్లేషకుల అంచనా. 2025 డిసెంబర్‌లో అమెరికా పాక్ ఎఫ్-16ల కోసం అనుమతించిన 68.6 కోట్ల డాలర్ల ప్యాకేజీ చూడండి. అందులో కొత్త విమానం ఒక్కటీ లేదు. ముఖ్యమైన సరుకు లింక్-16 అనే సమాచార అనుసంధాన పరికరాలు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఇస్లామాబాద్‌కు తెలుసు.

ఎత్తు మీది కన్ను

భూమి గుండ్రం కాబట్టి నేల మీది రాడార్‌కు హద్దు ఉంటుంది. హకీంపేటలో 20 మీటర్ల ఎత్తున ఒక రాడార్ పెట్టామనుకుందాం. 100 మీటర్ల ఎత్తులో దొంగచాటుగా వచ్చే విమానాన్ని అది సుమారు 60 కిలోమీటర్ల దాకానే చూడగలదు. గజ్వేల్ దాటుతుంది, సిద్దిపేట చేరకముందే ఆగిపోతుంది. అదే రాడార్‌ను 9 కిలోమీటర్ల ఎత్తులో విమానం మీద పెడితే నేలబారున ఉన్నవాటిని కూడా దాదాపు 390 కిలోమీటర్ల దాకా, అంటే ఇంచుమించు నాగ్‌పుర్ దరిదాపుల దాకా చూస్తుంది. నిఘా విమానానికి ఉన్న విలువంతా ఈ తేడాలోనే ఉంది.

ఇంత పెద్ద దేశానికి, రెండు సరిహద్దులకు మన దగ్గరున్న ఫాల్కన్లు మూడు. డీఆర్‌డీఓ సొంతంగా చేసిన నేత్ర విమానాలను కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరమ్మతులకు కొన్ని పోగా ఇరవై నాలుగు గంటలూ పశ్చిమాన ఒకటి, ఉత్తరాన ఒకటి గాలిలో ఉంచడమే గగనం. కొత్త నేత్రల పథకాలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. 42 స్క్వాడ్రన్లకు అనుమతి ఉంటే, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక 29కి పడిపోయామని పత్రికలు గగ్గోలు పెట్టాయి. న్యాయమే. కానీ నిఘా విమానాల కొరత మీద ఆ గగ్గోలులో పదో వంతు కూడా వినబడదు. స్క్వాడ్రన్లు పెంచి కన్నును పెంచకపోతే, గుంపు పెరుగుతుంది, చీకటి అలాగే ఉంటుంది.

హైదరాబాద్ చేతిలో ఉన్నదేమిటి

ఇప్పుడు మన ఊరి సంగతి. పోటీ విమానాల శరీరాలు హైదరాబాద్‌లో ఒకే చెట్టు కింద పెరుగుతున్నాయంటే అతిశయోక్తి కాదు. టాటా, లాక్‌హీడ్ మార్టిన్‌ల ఉమ్మడి సంస్థ ఎఫ్-16 కొత్త రకానికి రెక్కలు చేస్తుందని 2018లో ప్రకటించారు. 2025 జూన్‌లో టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ దసోతో ఒప్పందాలు కుదుర్చుకుంది. రఫేల్ మొండెం మొత్తం ఫ్రాన్స్ బయట తయారవడం ఇదే మొదటిసారి. 2028 ఆర్థిక సంవత్సరంలో తొలి భాగాలు బయటకొస్తాయి, నెలకు రెండు మొండేల దాకా చేస్తారు. తేజస్ మార్క్-1ఏ మధ్య మొండేన్ని వెమ్ టెక్నాలజీస్ 2025 మేలో హెచ్‌ఏఎల్‌కు అప్పగించింది. రఫేల్ ఎం-88 ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి 2025 నవంబర్‌లో శంషాబాద్ వద్ద శంకుస్థాపన జరిగింది.

ఇవన్నీ ఉద్యోగాలు తెస్తాయి, నైపుణ్యం పెంచుతాయి. కానీ ఇవన్నీ రెక్కలు, మొండేలు, ఇంజిన్ల మరమ్మతు. రఫేల్ రాడార్ లోపలి సాఫ్ట్‌వేరు, క్షిపణిని విమానానికి జతచేసే సంకేతాలు ఫ్రాన్స్‌లోనే ఉంటాయి. మన సొంత క్షిపణిని దిగుమతి విమానానికి తగిలించాలంటే తయారీదారు గడప తొక్కాల్సిందే. డబ్బు చెల్లించాలి, వాళ్ల తీరిక కోసం కాచుకోవాలి.

అసలు బలం నగరానికి దక్షిణాన ఉంది. డీఆర్‌డీఎల్ ప్రయోగశాల సారథ్యంలో రూపొందిన ‘అస్త్ర’ మార్క్-1, 100 కిలోమీటర్లకు పైగా పరిధి గల గగనతల క్షిపణి. సుఖోయ్ మీద నుంచి, 2023 ఆగస్టులో గోవా తీరంలో తేజస్ మీద నుంచి పరీక్షించారు. భారత్ డైనమిక్స్‌కు 2022 మేలో రూ.2,971 కోట్ల ఆర్డరు వచ్చింది. ఇన్నాళ్లూ అందులో ఒక లోటు ఉండేది. సీకర్ విదేశీది. 2025 జులై 11న ఒడిశా తీరంలో సుఖోయ్ నుంచి స్వదేశీ సీకర్ అమర్చిన అస్త్రను రెండుసార్లు వదిలారు. వేర్వేరు దూరాల్లో, వేర్వేరు దిశల్లో పోతున్న లక్ష్యాలను రెండుసార్లూ కొట్టింది. రఫేల్ మొండేల కర్మాగారం కంటే ఈ వార్తకు పెద్ద శీర్షిక దక్కాల్సింది. ఎందుకంటే సీకర్ మనదైతే దాని పౌనఃపున్యం, జామింగ్‌ను ఎదుర్కొనే ఎత్తుగడ ఎవరికీ అమ్మనివి. దిగుమతి చేసుకున్న సీకర్ గుట్టు అమ్మినవాడికి తెలుసు, వాడు ఇంకెవరికి చెప్పాడో మనకు తెలియదు.

పరీక్షలో రెండు కొట్టడం వేరు, నెలకు పదుల సంఖ్యలో సీకర్లు తయారుచేయడం వేరు. ఆ పని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వాడల్లోని చిన్న పరిశ్రమల భుజాల మీద పడుతుంది. అక్కడి సీఎన్‌సీ షెడ్లలో పని ఉన్నప్పుడు మూడు షిఫ్టులు నడుస్తాయి, ఆర్డరు లేనప్పుడు తాళం పడుతుంది. రక్షణ శాఖ ఆర్డరు ఒక ఏడాది పెద్దదిగా, మరో ఏడాది సున్నాగా వస్తే ఏ షెడ్డు యజమాని కొత్త యంత్రానికి బ్యాంకు అప్పు తెస్తాడు? ఐదేళ్ల పాటు కచ్చితంగా ఇంత కొంటామన్న హామీ, సరుకు ఇచ్చిన నెలలోపు చెల్లింపు ఉంటే చాలు. ఆ పనిమంతులకు దేశభక్తి ఉపన్యాసాలు అవసరం లేదు.

హకీంపేట మెట్టు

గొలుసు మొదట్లో మనిషి ఉన్నాడు. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దుండిగల్ అకాడమీలో కవాతు చేసి యుద్ధ విమాన విభాగంలో అడుగుపెట్టిన తొలి మహిళలయ్యారు. వాళ్ల దారి చూడండి. దుండిగల్‌లో పిలాటస్, హకీంపేటలో కిరణ్, ఆ తర్వాత బీదర్‌లో హాక్. ఈ మూడు మెట్లలో నడిమిది కిరణ్. అది తొలిసారి ఎగిరింది 1964 సెప్టెంబర్‌లో. దాని కాక్‌పిట్‌లో ముళ్ల గడియారాల్లాంటి మీటర్లే తప్ప రాడార్ తెర లేదు. దాని స్థానంలోకి తేవాలని హెచ్‌ఏఎల్ రూపొందించిన హెచ్‌జేటీ-36 సితార 2003 మార్చిలో ఎగిరింది. 2025లో ‘యశస్’ అని పేరు మారింది. సేవలోకి మాత్రం రాలేదు. తొలిమెట్టు శిక్షణ కోసం 2023లో ఆర్డరిచ్చిన 70 హెచ్‌టీటీ-40లు కూడా విదేశీ ఇంజిన్ల జాప్యంతో వెనకబడ్డాయి.

కిరణ్ మీద ఎగరడం నేర్చుకున్నవారు తక్కువ పైలట్లని కాదు. చేతి నేర్పు అక్కడే అబ్బుతుంది. కానీ రేపటి యుద్ధంలో పైలట్ సగం సేపు తెరలు చదువుతాడు. పది చోట్ల నుంచి వచ్చే సమాచారంలో ఏది నిజం, ఏది జామర్ పుట్టించిన నీడ, ఎవరి మీద ముందు క్షిపణి వదలాలి అన్న నిర్ణయం చేస్తాడు. ఇటలీ ఎం-346 లాంటి శిక్షణ విమానాల్లో నిజమైన రాడార్ లేకపోయినా కంప్యూటరు కల్పిత శత్రువులను తెర మీద చూపి ఆ నిర్ణయాలే అలవాటు చేస్తుంది. మన శిక్షణార్థి ఆ ఆలోచన అలవర్చుకునేది చాలా ఆలస్యంగా, అసలు యుద్ధ విమానం ఎక్కాక. అక్కడ గంట ఎగరడానికి అయ్యే ఖర్చు తెలిసినవారెవరూ దీన్ని పొదుపు అనరు.

హకీంపేటకు మరో ఒత్తిడి కూడా పెరుగుతోంది. ఒకప్పుడు నగరానికి దూరంగా, పొలాల మధ్య ఉన్న ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ ఇప్పుడు అల్వాల్, తూంకుంట, కొంపల్లి కమ్ముకుంటున్నాయి. రాజీవ్ రహదారి దాని గోడ వెంబడే పోతుంది. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. ట్రాఫిక్‌తో నలిగిపోతున్న జనానికి ఆ రోడ్డు కావాలి. కానీ కారిడార్ రాకతో రెండు పక్కలా లేచే అపార్ట్‌మెంట్ల ఎత్తు, చెత్త కుప్పలకు మూగే పక్షులు శిక్షణ విమానాలకు గండమే. 2018 నవంబర్‌లో హకీంపేట కిరణ్ ఒకటి భువనగిరి వైపు కూలింది, పైలట్ బయటపడ్డాడు. 2023 డిసెంబర్‌లో దుండిగల్ పిలాటస్ తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు మరణించారు. శిక్షణలో ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుందని గుర్తుంచుకుని మున్సిపాలిటీలు అనుమతులివ్వాలి. లేఅవుటు కాగితం మీద ఎన్‌ఓసీ ముద్ర పడిందా లేదా అన్నది ఒక్క బిల్డరు తలనొప్పి కాదు, వాయుసేన శిక్షణ ఎంత కాలం ఇక్కడ సాగుతుందన్న ప్రశ్న.

అడగాల్సిన లెక్కలు

గతంలో 126 విమానాల టెండరు 2007లో మొదలైంది. ఆరు రకాల విమానాలను బెంగళూరు తేమలో, జైసల్మేర్ ఇసుకలో, లేహ్ చలిలో పరీక్షించారు. 2012లో రఫేల్ ఎంపికైంది. ఒప్పందం కుదరక, చివరికి 2016లో 36 విమానాలు కొన్నాం. తొలి ఐదు అంబాలాలో దిగింది 2020 జులై 29న. పదమూడేళ్లు. అంతకాలం చర్చంతా విమానం చుట్టూ తిరిగింది. పక్క దేశం మాత్రం 2022లో జె-10సిలు తెచ్చుకుని, వాటిని నిఘా విమానాలతో కలిపేసుకుంది.

ఇకముందు ఏ కొనుగోలు ప్రతిపాదన వచ్చినా మూడు షరతులు పెట్టాలి. ఒకటి, అస్త్ర లాంటి మన క్షిపణులను, మన డేటా లింకును జతచేసుకునే హక్కు ఒప్పందంలోనే రాసివ్వాలి. ఆ తర్వాత అడుక్కోవడం ఉండకూడదు. రెండు, కొత్త యుద్ధ విమానాలకు కేటాయించే డబ్బులో నిర్ణీత వాటా నిఘా విమానాలకు, జామర్లకు వెళ్లాలి. మూడు, సుఖోయ్‌ల ఏఈఎస్ఏ నవీకరణను కొత్త కొనుగోళ్ల కంటే ముందుకు జరపాలి. ఉన్న 260 విమానాల కళ్లు బాగుచేయడం, కొన్ని పదుల కొత్తవి తేవడం కంటే తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిస్తుంది.

విమానం లెక్కలోకే రాదని ఎవరూ అనరు. ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో వదిలిన క్షిపణి ఎక్కువ దూరం పోతుంది. అందుకు మంచి ఇంజిన్ కావాలి. ఎఫ్-35, సు-57 లాంటి స్టెల్త్ విమానాలు రాడార్‌కు చిక్కకుండా పోయే ప్రయత్నం కూడా గొలుసులోని చూపు మీద దాడే. చైనా అలాంటివి తయారుచేస్తోంది. మన ఆమ్కా స్టెల్త్ విమానం ఎగరడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఆ లోగా స్టెల్త్‌ను పసిగట్టే రాడార్లు, దొరికిన ఆచూకీని సెకన్లలో పంచే జాలం మనకు రక్ష.

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఏటా స్క్వాడ్రన్ల సంఖ్య అడుగుతుంది. దానితో పాటు గాలిలో ఉంచగల నిఘా విమానాలెన్ని, స్వదేశీ క్షిపణి మోయగల విమానాలెన్ని, హైదరాబాద్‌లో నెలకు తయారయ్యే సీకర్లెన్ని, హకీంపేటలో కిరణ్‌ను తప్పించే తేదీ ఏమిటి అని కూడా అడగాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎంపీలకు ఈ ప్రశ్నలు అడిగే హక్కూ, కారణమూ మిగతా వారికంటే ఎక్కువే ఉన్నాయి. జవాబులు ఏటేటా బయటపెడితే, రఫేల్ పక్కన జె-10సి బొమ్మ పెట్టి వాదించుకునే పని టీవీలకు తగ్గుతుంది, ఏ లంకె దగ్గర ఎంత డబ్బు పెట్టాలో దేశానికి తెలుస్తుంది.